పేరు అమ్ముకొనని సిపాయి
సార్జెంటు ఆల్విన్ యార్క్ జీవితము (1887–1964)

ధ్యానమునకు: సామెతలు 16:32; లూకా 3:14; 1 దినవృత్తాంతములు 22:7–10



యుద్ధములో గెలిచినవారి కథలు వినుట మనకందరికిని ఇష్టమే. సెలవుపై ఊరికి వచ్చిన సిపాయి రచ్చబండ మీద కూర్చుండి మాటలాడుచుండగా పిల్లలును పెద్దలును చుట్టు చేరుదురు. కాని ఆ సిపాయి తుపాకి అప్పగించి ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఎట్లు బ్రదికెనో, భార్యతోను బిడ్డలతోను ఎట్లు నడుచుకొనెనో, అప్పులవాడు గుమ్మము ముందు నిలిచిన దినమున ఏమి చేసెనో అడుగువారు బహు తక్కువ. కోటను జయించువానికంటె తన మనస్సును ఏలుకొనువాడే గొప్పవాడని సొలొమోను మనకు బోధించెను. ఆ బోధ ఎంత నిజమో చూపిన ఒక సిపాయి జీవితమును ఈ నెల మేము మీ యెదుట ఉంచుచున్నాము. లోకము ఆయన జీవితములో ఒక్క ఉదయమును మాత్రమే జ్ఞాపకముంచుకొన్నది. ఆ ఉదయము తరువాత ఆయన బ్రదికిన 46 సంవత్సరములను కూడ మనము చూడవలెనని మా కోరిక.

కొండలోయలో బాల్యము

అమెరికా దేశములో టెన్నెస్సీ అను రాష్ట్రము కలదు. దాని ఉత్తరపు సరిహద్దు కొండలలో వుల్ఫ్ నది పారు లోయయు, ఆ లోయలో పాల్ మాల్ అను చిన్న పల్లెయు ఉన్నవి. అక్కడ దుంగలతో కట్టిన రెండు గదుల ఇంటిలో 1887 డిసెంబరు 13న ఆల్విన్ యార్క్ జన్మించెను. ఆ తలిదండ్రులకు పదునొకండుగురు బిడ్డలు, ఈయన మూడవవాడు. తండ్రి విలియం కొద్దిపాటి సేద్యము చేయుచు, కొలిమి పెట్టుకొని కమ్మరపు పని చేయుచు, అడవిలో వేటాడి కుటుంబమును పోషించెను. తండ్రి వెంట పొలములోను అడవిలోను తిరుగుచు పెరిగిన ఆల్విన్ బడిలో కూర్చున్న కాలమంతయు కలిపినను ఒక సంవత్సరము నిండదు. ఈ సంగతి చదువరులు మరువకుందురు గాక. ముందుకు పోయిన తరువాత దీని అర్థము తెలియును.

ఆ కొండలలో గురి చూచి తుపాకి కాల్చుట ప్రతి మగబిడ్డయు నేర్చుకొను విద్య. ఆల్విన్ అందులో తన తండ్రినే మించెననిపించుకొనెను. 1911లో తండ్రి మరణించెను. అన్నలిద్దరును అప్పటికే పెండ్లిండ్లు చేసికొని వేరుగా ఉండిరి. కాబట్టి తల్లి భారమును, చిన్నవారైన తమ్ముల చెల్లెండ్ర భారమును ఆల్విన్ మీద పడెను. పగలు ఒళ్లు వంచి పని చేసెడివాడు. కాని వారాంతమున చేతికి వచ్చిన కూలి ఇంటికి చేరుట కష్టమాయెను. రెండు రాష్ట్రముల సరిహద్దు గీత మీదనే కొన్ని సారాయి దుకాణములు ఉండెను. ఒక రాష్ట్రపు అధికారులు వచ్చినయెడల గీత దాటి రెండవ ప్రక్కకు పోవుటకు అది అనుకూలము. ఆల్విన్ అక్కడ త్రాగెను, జూదమాడెను, కొట్లాటలలో దిగెను. ఆయన స్నేహితుడొకడు అటువంటి కొట్లాటలోనే చంపబడెను.

తల్లి ఆయనను విడువలేదు. కుమారుడు ఇంటికి చేరువరకు మేలుకొని యుండి, ఈ మార్గము మానుమని బ్రతిమాలుచు, ప్రార్థించుచు వచ్చెను. త్రాగి వచ్చు కొడుకు కొరకు దీపము పెట్టుకొని కనిపెట్టుకొను తల్లులు మన పల్లెలలోను ఉన్నారు. అమ్మలారా, మీ కన్నీరు వ్యర్థము కాదు. ఉజ్జీవ కూటములు జరిపించుటకు ఆ లోయకు ఒక బోధకుడు రాగా, ఆ కూటములలో ఆల్విన్ హృదయము కరిగెను. 1915వ సంవత్సరము మొదటి దినమున ఆయన తన్ను ప్రభువునకు అప్పగించుకొనెను. త్రాగుడును జూదమును ఆనాడే విడిచి మరల ముట్టలేదు. ఆ పల్లెలోని చిన్న సంఘములో చేరి, సండే స్కూలులో బోధించుచు, పాటలు నడిపించుచు, కొంతకాలమునకు సంఘ పెద్దలలో ఒకడాయెను. పొరుగింటి బిడ్డయైన గ్రేసీ విలియమ్స్‌ను ప్రేమించెను. ఆమె తండ్రికి మాత్రము వెనుకటి త్రాగుబోతు మీద ఇంకను నమ్మిక కుదరలేదు.

రెండు ఆజ్ఞల నడుమ

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో దిగెను. యౌవనస్థులందరును సైన్యము కొరకు పేరు వ్రాయించుకొనవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. పాల్ మాల్‌లో ఆ పేర్లు వ్రాసికొను బాధ్యత రోజియర్ పైల్ అను ఆయనకు అప్పగింపబడెను. ఆయనయే ఆ పల్లె సంఘకాపరి. అంగడియు తపాలా కార్యాలయమును నడుపువాడును ఆయనయే. తన సంఘపు బిడ్డను యుద్ధమునకు పిలుచు కాగితము ఆ కాపరి చేతి మీదుగానే పోవలసివచ్చెను. ఆ కాపరి హృదయము ఎంత నలిగియుండునో కాపరులమైన మేము ఊహించగలము.

నరహత్య చేయవద్దని దేవుడు సీనాయి మీద ఇచ్చిన ఆజ్ఞయు, శత్రువులను ప్రేమింపవలెనని కొండమీద ప్రభువు చేసిన బోధయు ఆల్విన్ మనస్సులో నాటుకొని యుండెను. అందుచేత తాను యుద్ధము చేయనొల్లనని ఆ కాగితము మీదనే తెలియజేసెను. కాపరి పైల్ ఆయన పక్షముగా సాక్ష్యము వ్రాసి పంపెను. అధికారులు ఒప్పుకొనలేదు. ఆ సంఘమునకు బైబిలు తప్ప యుద్ధమును నిషేధించు ప్రత్యేకమైన విశ్వాస ప్రమాణమేదియు లేదనియు, బైబిలునకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థము చెప్పుదురనియు వారు కారణము చూపిరి. మరల మరల విన్నవించుకొన్నను అదే జవాబు వచ్చెను. 1917 నవంబరులో ఆల్విన్ సైన్యములో చేరవలసివచ్చెను. కొండలలో దాగుకొనుట ఆయనకు సులభమే, ఎవరికిని దొరకకపోవును. అయినను దాగుకొనక వెళ్లెను.

జార్జియా రాష్ట్రములోని క్యాంపు గార్డన్ అను శిక్షణ శిబిరములో ఆయన గురి చూచి పై అధికారులు ఆశ్చర్యపడిరి. ఇంత గురి గలవాడు మనుష్యుల మీద తుపాకి ఎత్తుటకు సందేహించుచున్నాడని తెలిసి మరింత ఆశ్చర్యపడిరి. కెప్టెన్ డాన్‌ఫోర్త్, మేజర్ బక్స్‌టన్ అను ఇద్దరు అధికారులు ఆయనను పిలిపించుకొని, బైబిలు తెరచి, రాత్రి చాల ప్రొద్దుపోవు వరకు ఆయనతో మాటలాడిరి. వారు ఎగతాళి చేయలేదు, బెదిరించలేదు. ఖడ్గము కొనుటను గూర్చి ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతియు (లూకా 22:36), తన రాజ్యము ఈ లోక సంబంధమైనది కాదని ఆయన పిలాతుతో చెప్పిన సంగతియు (యోహాను 18:36), ఖడ్గము వచ్చుట చూచి బూర ఊదని కావలివాడు దోషియగునను యెహెజ్కేలు ప్రవచనమును (33వ అధ్యాయము) చూపిరి. ఆల్విన్ తనకు తెలిసిన వాక్యములతో జవాబు చెప్పెను. ఒక్క రాత్రిలో తీరు ప్రశ్న కాదని గ్రహించి మేజరు ఆయనకు పది దినముల సెలవిచ్చి ఇంటికి పంపెను.

ఇంటికి వచ్చిన ఆల్విన్ కొండ మీదికి ఒంటరిగా వెళ్లి, ఒక పగలును ఒక రాత్రియు, మరునాడును ప్రార్థనలో గడిపెను. క్రిందికి దిగివచ్చునప్పటికి ఆయన మనస్సు నెమ్మది పొందెను. తాను వెళ్లవలెననియు, దేవుడు తన్ను కాపాడి తిరిగి తెచ్చుననియు నమ్మి శిబిరమునకు పోయెను. 1918 మే నెలలో ఓడ ఎక్కెను.

ఆయన తీర్మానము సరియైనదా? ఈ ప్రశ్న అడుగక ముందుకు పోవుట న్యాయము కాదు. కొండమీది ప్రసంగమును నమ్మినవాడు ఖడ్గము పట్టుకొనరాదని క్రైస్తవులలో కొందరు భక్తులు నాటినుండి నేటివరకు చెప్పుచున్నారు. శతాధిపతియైన కొర్నేలీ తన కొలువు విడువవలెనని పేతురు ఆజ్ఞాపించినట్లు లేఖనములలో లేదనియు, బలహీనులను కాపాడుటకు ఖడ్గము పట్టువాడును దేవుని పరిచారకుడేననియు మరికొందరు చెప్పుచున్నారు. మన సంఘముల కుమారులు కూడ సైన్యములోను పోలీసు శాఖలోను పని చేయుచున్నారు గనుక ఇది మనకు దూరపు మాట కాదు. మేము ఒక్క సంగతినే చెప్పుదుము. ఆల్విన్ ఈ ప్రశ్నను దాచిపెట్టుకొనలేదు. సంఘకాపరి యెదుటను, అధికారుల యెదుటను, చివరకు దేవుని యెదుటను దానిని ఉంచెను. మన బిడ్డలు ఏ ఉద్యోగమునకు పోవునప్పుడైనను మనము జీతమెంతయని అడుగుదుము. ఆ పనిలో నీ మనస్సాక్షి నెమ్మదిగా నుండునా యని అడుగు తలిదండ్రులు ఎందరు?

ఆ ఉదయము

ఫ్రాన్సు దేశములో అర్గాన్ అను అడవి యున్నది. అక్కడ షాటెల్ షెహెరీ అను గ్రామము దాపున 1918 అక్టోబరు 8 ఉదయమున ఆల్విన్ ఉన్న దళము ముందుకు పోవుచుండగా, కొండ మీదనుండి జర్మనుల మరతుపాకులు కాల్చుటవలన అనేకులు కూలిరి. శత్రువుల వెనుకకు చుట్టుతిరిగి పోవుటకు 17 మందిని పంపిరి. వారిలో కార్పొరల్ హోదాలోనున్న ఆల్విన్ ఒకడు. వారు హఠాత్తుగా ఒక శత్రు గుంపు మీద పడి, ఉదయపు భోజనము చేయుచున్నవారిని పట్టుకొనిరి. అంతలో పై కొండ మీదివారు తుపాకులు ఇటు త్రిప్పి కాల్చిరి. ఒక్క నిమిషములోనే ఆరుగురు చనిపోయిరి, ముగ్గురు గాయపడిరి. నాయకుడైన సార్జెంటు కూడ గాయపడినవారిలో నుండెను. మిగిలిన ఏడుగురికి ఆల్విన్ నాయకుడాయెను.

బాల్యమునుండి అడవిలో నేర్చిన గురి ఆ దినమున పని చేసెను. ఆయన కాల్చుచు, లొంగిపొండని వారిని కేకలు వేసి పిలుచుచుండెను. అవసరమునకు మించి ఒక్క ప్రాణమైనను తీయుట ఆయనకిష్టము లేదు. ఇంగ్లీషు తెలిసిన ఒక జర్మను అధికారి తనవారు నశించుట చూడలేక, తుపాకులు దించుటకు ఒప్పుకొని తనవారిని పిలిచెను. మార్గములో మరికొందరును లొంగిపోయిరి. ఆల్విన్‌యు ఆయన సహచరులును 132 మందిని ఖైదీలుగా తోడుకొని వచ్చిరి. ఆ కొండ మీద ఇరువదికి పైగా జర్మను సైనికులు చనిపోయిరి. చనిపోయిన తనవారిలో మర్రే సావేజ్ అను ఆయన ప్రాణస్నేహితుడును ఉండెను.

మరునాడు ఆయన సెలవడిగి అదే స్థలమునకు తిరిగి పోయెను. కొనయూపిరితో నున్నవారెవరైనను ఉన్నారేమోయని వెదకెను. ఎవరును లేరు. అప్పుడాయన అక్కడ నిలువబడి, తన స్నేహితుల కొరకును, తన చేత చనిపోయినవారి కొరకును ప్రార్థించెను. వారందరును తనకు సహోదరులేయని ఆయన నమ్మెను. ఆయన పొందిన పతకములను గూర్చి అనేకులు వ్రాసిరి. మాకు మాత్రము ఆ పతకములన్నిటికంటె ఈ రెండవ దినపు ప్రార్థనయే గొప్పదిగా తోచుచున్నది. శత్రువు ఓడిన దినమున సంతోషించుట ఎవనికైనను చేతనగును. అతని శవము ప్రక్కను మోకరించుట క్రీస్తును ఎరిగినవానికే చేతనగును.

అంగడికి రాని పేరు

యుద్ధము 1918 నవంబరు 11న ముగిసెను. ఆల్విన్ సార్జెంటు ఆయెను. అమెరికా తన అత్యున్నత సైనిక పతకమును ఆయనకిచ్చెను. ఫ్రాన్సు పక్షముగా మార్షల్ ఫోష్ స్వయముగా ఆయన రొమ్మున పతకము పెట్టెను. 1919 మే నెలలో న్యూయార్కులో దిగునప్పటికి పత్రికలన్నిటిలో ఆయన పేరే. మహానగరము ఊరేగించి విందు చేసెను.

ఊరేగింపు వెంటనే శోధన వచ్చెను. సినిమావారు వచ్చిరి, నాటకములవారు వచ్చిరి, తమ సరకులకు ఆయన పేరు పెట్టుకొనవలెనని వర్తకులు వచ్చిరి. ఒక్కొక్కరు చూపిన ధనము ఆ కొండలవాడు జన్మమందు చూడనిది. ఇంటి యొద్ద విధవరాలైన తల్లియు, దుంగల ఇల్లును, రాతి పొలమును ఉన్నవి. అయినను తాను ఫ్రాన్సులో చేసిన పని అమ్మకమునకు కాదని చెప్పి ఆయన అందరిని పంపివేసెను. తన స్నేహితులు చనిపోయిన దినమును చూపి డబ్బు సంపాదించుట ఆయనకు పాపముగా తోచెను. బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు సిపాయిలు వచ్చి తామేమి చేయవలెనని అడుగగా, ఎవరిని పీడింపక తమ జీతముతో తృప్తి పొందుడని ఆయన బోధించెను గదా. ఆల్విన్ ఆ బోధను నెరవేర్చిన సిపాయి.

ఆయన కోరినది ఇంటికి పోవుటయే. పోయెను. 1919 జూన్ 7న పాల్ మాల్ కొండప్రక్కను, ఆకాశము క్రింద, గ్రేసీతో ఆయన వివాహము జరిగెను. ఆ రాష్ట్రపు గవర్నరే వచ్చి ఆ వివాహము జరిపించెను.

ఇల్లు, బడి, అప్పు

వారి మొదటి బిడ్డ 1920లో పుట్టి కొద్ది దినములకే చనిపోయెను. దేశమంతయు వీరుడని పొగడుచుండగా ఆ దంపతులు చిన్న సమాధి త్రవ్వుకొనిరి. తరువాత బిడ్డలు పుట్టిరి. వారిలో మరియొక పసివాడు కూడ ప్రభువు సన్నిధికి పోయెను. ఏడుగురు పెరిగి పెద్దవారైరి. ఒక కుమారునికి ఆయన ఎడ్వర్డ్ బక్స్‌టన్ అను పేరు పెట్టెను. బైబిలు తెరచి, ఓపికతో తనతో మాటలాడి, సెలవిచ్చి ఇంటికి పంపిన మేజరు పేరది. తన మనస్సాక్షిని గౌరవించిన మనుష్యుని ఆయన మరువలేదు.

అభిమానులైన కొందరు పెద్దమనుష్యులు ఆయనకు ఒక మంచి పొలము కానుకగా ఇత్తుమని ప్రకటించిరి. కాని సొమ్ము పూర్తిగా పోగు కాలేదు. మిగిలిన బాకీ ఆయన మీదనే పడెను. 1921లో పంటల ధరలు పడిపోవుటచేత వాయిదాలు చెల్లింప వశము కాలేదు. కానుకగా వచ్చిన పొలమే మెడకు ఉరియాయెను. తుదకు దూరస్థులైన పలువురి విరాళములచేత ఆ కష్టము తీరెను. కానుక ఇత్తుమని సభలో లేచి చెప్పి, తరువాత మరచిపోవుట మన సంఘములలోను కలదు. అటువంటి మాట పుచ్చుకొన్నవానికి ఎంత భారమగునో దీనివలన తెలిసికొందము.

ఇంత ఇబ్బందిలోను ఆయన మనస్సు ఒక సంగతి మీద నిలిచియుండెను. ఓడ మీదను పరదేశములోను తిరుగుచుండగా, చదువులేమి తన్నును తన కొండజనులను ఎంత వెనుకబరచినదో ఆయన కన్నులకు కనబడెను. తమ లోయకు మంచి బాటయు, పిల్లలకు బడియు కావలెనని పూనుకొనెను. తన యుద్ధమును గూర్చి చెప్పి తనకొరకు డబ్బు పుచ్చుకొననివాడు బడి కొరకు మాత్రము ఊరూర తిరిగి సభలలో మాటలాడి, వచ్చినది బడికి ఇచ్చెను. 1926లో ఫెంట్రెస్ జిల్లాకు ముఖ్యపట్టణమైన జేమ్స్‌టౌన్‌లో ఆయన పేరిట ఆ విద్యాలయము ఆరంభమాయెను. స్థలమును గూర్చి స్థానిక అధికారులతో వివాదములు వచ్చెను. ఉపాధ్యాయుల జీతములకును, పిల్లలను తెచ్చు బస్సులకును సొమ్ము చాలనప్పుడు ఆయన తన పొలమును తాకట్టు పెట్టెను. 1937లో రాష్ట్ర ప్రభుత్వము ఆ బడిని తన చేతిలోనికి తీసికొనెను. అది నేటికిని నడుచుచున్నది. ఒక సంవత్సరమైనను నిండుగా బడికి పోనివాడు తన జిల్లా బిడ్డలకు బడి కట్టించెను.

దావీదు యుద్ధములలో విస్తారమైన రక్తము చిందించినవాడు గనుక మందిరము కట్టుటకు దేవుడు అతనికి సెలవియ్యలేదని దినవృత్తాంతములలో చదువుచున్నాము. అయినను దావీదు ఊరకుండలేదు. తరువాతివారు కట్టుటకు రాళ్లును, మ్రానులును, ఇనుమును సిద్ధపరచెను. యుద్ధము చేసిన చేతులకు దేవుడు ఇటువంటి పనిని ఇయ్యగలడు. ఆల్విన్ చేతులకు బడి ఇటుకలను ఇచ్చెను.

ఆయన ఊరూర తిరిగిన దినములలో పాల్ మాల్ ఇంటి భారమును బిడ్డల పెంపకమును గ్రేసీయే మోసెను. వీరుల జీవితములు వ్రాయువారు ఈ సంగతిని ఒక్క పంక్తిలో ముగింతురు. మన పల్లె స్త్రీలకు ఆ ఒక్క పంక్తిలో ఎన్ని రాత్రులున్నవో తెలియును.

తీరని ప్రశ్నయు, పెరిగిన బాకీయు

యుద్ధమును గూర్చిన ప్రశ్న ఆయనను విడువలేదు. 1930 తరువాతి సంవత్సరములలో, తాము చేసిన యుద్ధమువలన లోకమునకు మేలు కలిగెనా యని ఆయన బహిరంగముగానే సందేహించెను. శాంతి ప్రయత్నములలో చేరెను. ఐరోపాలో హిట్లరు బలము పెరుగుట చూచి మరల మనస్సు మార్చుకొని, అన్యాయమును అడ్డగింపక తప్పదని బోధించెను. 1942లో 54 ఏండ్ల ప్రాయమున మరల సైన్యములో చేరుటకు పోగా, వయస్సుచేతను దేహస్థితిచేతను యుద్ధభూమికి తీసికొనలేదు. ఆయనకు మేజరు హోదా ఇచ్చి శిబిరములకు పంపగా, అక్కడి యౌవనస్థులను ధైర్యపరచెను. ఒకప్పుడు యుద్ధమునకు రానని వ్రాసిన ఆ యౌవనస్థుడే తన జిల్లాలో యౌవనస్థులను సైన్యమునకు ఎన్నుకొను సంఘమునకు అధ్యక్షుడాయెను. మనస్సు మారుట చంచలత్వమని కొందరందురు. బ్రదికియున్న మనస్సాక్షి ప్రతి తరములోను మరల దేవుని యొద్దకు పోయి అడుగునని మేము తలంచుచున్నాము.

ఇరువది ఏండ్లకు పైగా సినిమావారిని త్రిప్పి పంపినవాడు 1940లో ఒప్పుకొనెను. కారణము తన సుఖము కాదు. కొండ ప్రాంతపు యౌవనస్థుల కొరకు ఒక బైబిలు పాఠశాల కట్టవలెనను కోరిక. 1941లో ఆ చిత్రము వెలువడెను. ఆయన పాత్ర ధరించిన గ్యారీ కూపర్‌కు ఆ సంవత్సరపు ఆస్కారు బహుమానము వచ్చెను. వచ్చిన సొమ్ములో అధికభాగము ఆయన పాఠశాలకును, అడిగినవారికిని ఇచ్చివేసెను. బైబిలు పాఠశాల భవనము లేచెను గాని యుద్ధకాలము గనుక ఆశించినంతగా వృద్ధి చెందలేదు.

ఇచ్చుట ఎరిగినవాడు లెక్క వ్రాయుట ఎరుగకపోయెను. ఆ సొమ్ము మీద పన్ను సరిగా చెల్లింపలేదని 1951లో ప్రభుత్వము ఆయన మీద వ్యాజ్యము తెచ్చెను. వడ్డీ మీద వడ్డీ పెరిగి, 1959 నాటికి ఆ బాకీ 1,72,000 డాలర్లాయెను. పొలము తప్ప వేరు ఆస్తి లేని ముసలివాడు అంత ఎక్కడనుండి తెచ్చును? 1961లో 25,000 డాలర్లు చెల్లించినయెడల చాలునని ప్రభుత్వము ఒప్పుకొనెను. పార్లమెంటు వంటి ఆ దేశపు సభకు అధ్యక్షుడైన శామ్ రేబర్న్ మొదలైనవారు విరాళములు కోరగా, దేశ ప్రజలు పంపిన సొమ్ముతో ఆ బాకీ తీరెను. ఇందులో మనకొక పాఠమున్నది. ధారాళముగా ఇచ్చు చేయి దేవునికి ఇష్టము. అయినను లెక్కలేని ధారాళము ఇంటివారిని బాధపెట్టును. మన సంఘ కోశాధికారులును, ఇంటి యజమానులును ఇచ్చినదియు పుచ్చుకొన్నదియు వ్రాసిపెట్టుట భక్తికి వేరైన పని కాదు.

మంచము మీద పది సంవత్సరములు

1954లో ఆయనకు పక్షవాతము వచ్చెను. అప్పటినుండి మరణము వరకు మంచమే ఆయనకు లోకము. అడవిలో పరుగెత్తు మృగమును గురి చూచి కొట్టిన చేయి మరియొకరి సహాయము కొరకు కనిపెట్టవలసివచ్చెను. ఆ పది సంవత్సరములు గ్రేసీయు బిడ్డలును ఆయనకు పరిచర్య చేసిరి. ఒక గంటలో 132 మందిని పట్టుకొనుట కష్టమా, పది సంవత్సరములు ఒక మంచము మీద సణగక పరుండుట కష్టమా? మన ఇండ్లలో మంచము పట్టిన తండ్రులును, వారికి గంజి త్రాగించు తల్లులును దీనికి జవాబు చెప్పగలరు. వారి కొరకు ఏ పతకమును లేదు. కాని దేవుని యెదుట ఒక గ్రంథమున్నది.

1964 సెప్టెంబరు 2న, 76 ఏండ్ల ప్రాయమున, నాష్‌విల్ పట్టణములో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆయన నిద్రించెను. దేశాధ్యక్షుడు తన ప్రతినిధిగా జనరల్ రిడ్జ్‌వేను పంపెను. వేలకొలది జనులు ఆ చిన్న లోయలోనికి వచ్చిరి. వుల్ఫ్ నది సమీపమున, తన ఊరి సమాధుల తోటలోనే ఆయనను పాతిపెట్టిరి. గ్రేసీ మరి ఇరువది సంవత్సరములు జీవించి 1984లో మరణించి ఆయన ప్రక్కను పరుండెను.

మనము నేర్చుకొనవలసినది

సహోదరులారా, మనలో ఎవరికిని అర్గాన్ అడవి ఉదయము రాకపోవచ్చును. కాని ఆల్విన్ యార్క్ చేసిన మిగిలిన యుద్ధములన్నియు మన వాకిలి ముందే యున్నవి. సారాయి దుకాణము మీదుగా నడిచి ఇంటికి కూలి తెచ్చుట ఒక యుద్ధము. పై అధికారి యెదుట మనస్సాక్షిని దాచకుండుట ఒక యుద్ధము. పేరు వచ్చిన దినమున దానిని అమ్ముకొనకుండుట ఒక యుద్ధము. పసిబిడ్డను మట్టిలో పెట్టిన తరువాత భార్య చేయి విడువక నడుచుట ఒక యుద్ధము. మనకు దొరకని చదువు మన ఊరి బిడ్డలకు దొరకవలెనని తిరుగుట ఒక యుద్ధము. మంచము మీద ప్రభువును స్తుతించుట కడవరి యుద్ధము.

సైన్యములో నున్న మన కుమారుల కొరకు ఈ నెల ప్రతి సంఘములోను ప్రార్థన జరుగును గాక. వారి ప్రాణముల కొరకే గాక వారి మనస్సాక్షుల కొరకును ప్రార్థింతము. పని ముగించి ఇంటికి తిరిగి వచ్చిన ముసలి సిపాయిలు మన ఊరిలో ఉన్నయెడల వారి యొద్దకు పోయి కూర్చుందము. వారు గెలిచిన యుద్ధమునే గాక, తరువాత ఎట్లు బ్రదికితిరని కూడ అడుగుదము. బహుశః ఇదివరకు ఎవరును వారిని ఆ మాట అడిగియుండరు.

ప్రార్థన: ప్రభువా, మమ్మును జయించువారినిగా చేయుము, ముందుగా మా మీద మాకు జయమిమ్ము. మా శత్రువుల కొరకు మోకరించు హృదయమును, మా ఇంటివారి కొరకు ఓర్చుకొను బలమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.